రెండు డిస్కులున్నా కాపీ ఒక్కటే

“ఒక నాస్ కొని హాల్లో మూలన పెట్టెయ్. రెండు డిస్కులు వేసి మిర్రర్ చేసెయ్. ఇక ఫొటోల గురించి జన్మలో బెంగ పడక్కర్లేదు.”

కంప్యూటర్ల సంగతి కాస్త తెలిసిన బావమరిదో, ఆఫీసులో సీనియరో ఇచ్చే సలహా ఇప్పుడు ఇదే. గచ్చిబౌలి ఫ్లాట్లలోనూ, డల్లాస్‌లో స్థిరపడ్డ తెలుగు ఇళ్లలోనూ దీనికి ఎదురు లేదు. నాస్ అంటే రౌటర్ పక్కన చెప్పుల డబ్బా అంత పెట్టె. అందులో రెండో నాలుగో హార్డ్ డిస్కులు. ఇంటిల్లిపాది ఫోన్లూ ఫొటోలు దానికే పంపుతాయి, టీవీ సినిమాలు దాన్లోంచే తీసుకుంటుంది. ఇక తేలాల్సినవల్లా ఏ కంపెనీ, ఎన్ని బేలు (డిస్కు పెట్టే అరలు), ఏ ప్రాసెసర్ అన్నట్టు చర్చ నడుస్తుంది.

సలహా ఊరికే పుట్టలేదు. 2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫొటోస్ ఉచిత అపరిమిత నిల్వని ఆపేసింది. అప్పటిదాకా లెక్క చూసుకోకుండా ఫొటోలు పంపినవాళ్లందరికీ 15 జీబీ గీత గీసింది. అదే సమయంలో ఫోన్లు తీసే వీడియోల బరువు పెరిగింది. ఆపిల్ తన ఐఫోన్ సెట్టింగ్స్‌లోనే చెప్పే లెక్క ప్రకారం 4కె వీడియో సెకనుకి 30 ఫ్రేములైతే నిమిషానికి 170 ఎంబీ, 60 ఫ్రేములైతే 400 ఎంబీ. స్కూలు వార్షికోత్సవంలో పాప డాన్స్ పది నిమిషాలు తీస్తే 4 జీబీ అయిపోయింది. పెళ్లి ఫొటోగ్రాఫర్ వందల జీబీల ఫుటేజీని డిస్కులో పోసి చేతికిచ్చి, ఇక మా దగ్గర ఉండదండీ, జాగ్రత్త చేసుకోండి అంటాడు. వీటన్నిటికీ ఎక్కడో విదేశంలో ఉన్న కంపెనీకి బతికినన్నాళ్లూ అద్దె కట్టడమేమిటన్న చిరాకు న్యాయమైనదే. పిల్లల ఫొటోలు పరాయివాళ్ల సర్వర్లో ఎందుకన్న సంకోచమూ న్యాయమైనదే. నాస్ చెడ్డ వస్తువేం కాదు.

చెడ్డది “ఇక బెంగ పడక్కర్లేదు” అన్న ధీమా. పెట్టెలో ఎన్ని డిస్కులున్నా ఇంటి లెక్కలో అది ఒక్క కాపీయే. రెండో కాపీ సంగతి తేల్చకుండా పెట్టె కొన్న కుటుంబం కొనకముందు కన్నా ఎక్కువ ప్రమాదంలో పడుతుంది. ఎందుకంటే నాస్ రాకముందు ఆ ఇంటి ఫొటోలు చెల్లాచెదురుగా ఉండేవి. కొన్ని అమ్మ ఫోన్లో, కొన్ని పాత ల్యాప్‌టాప్‌లో, కొన్ని గూగుల్లో, కొన్ని బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో. గజిబిజే, కాని ఒక్క దెబ్బకి అన్నీ పోయేవి కావు. పెట్టె రాగానే అన్నీ ఒకచోటికి చేరతాయి, ఫోన్లు ఖాళీ అవుతాయి, గూగుల్ ప్లాన్ రద్దవుతుంది. ఎవరూ ఏర్పాటు చేయకుండానే ఉన్న ఆ రక్షణ, సర్దుబాటు పేరుతో మాయమవుతుంది. ఈ ధీమాని నిలబెడుతున్న వాదాలు ఆరు.

1. “రెండు డిస్కులుంటే రెండు కాపీలున్నట్టే”

సలహాకి పునాది ఇదే, అసలు బీట కూడా ఇక్కడే ఉంది.

మిర్రర్ కూడా ఒక రకంగా ఉన్న రెయిడ్ పద్ధతిని 1988లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ ఒక పత్రంలో ప్రతిపాదించారు. వాళ్ల ముందున్న సమస్య వేరు. మెయిన్‌ఫ్రేముల్లో వాడే ఖరీదైన పెద్ద డిస్కు బదులు, పీసీల్లో వాడే చౌక డిస్కుల్ని గుంపుగా కలిపితే వేగం వస్తుంది. కాని డిస్కులు పెరిగేకొద్దీ వాటిలో ఏదో ఒకటి చెడిపోయే అవకాశమూ పెరుగుతుంది. ఒకటి పోయినా పని ఆగకుండా ఉండటానికి అదనపు డిస్కులు పెట్టమన్నారు. పని ఆగకుండా చూడటం, అంతవరకే దాని బాధ్యత. బ్యాంకు సర్వర్‌కి అది ప్రాణావసరం. ఆదివారం మధ్యాహ్నం పెళ్లి ఫొటోలు తిరగేసే ఇంటికి, కొత్త డిస్కు వచ్చేదాకా రెండ్రోజులు ఆగితే కొంపేమీ మునగదు.

మిర్రర్‌లో రెండో డిస్కు, మొదటిదాని మీద జరిగే ప్రతి మార్పునీ అప్పటికప్పుడే తానూ చేసుకుంటుంది. మంచి మార్పా, చెడ్డ మార్పా అని అడగదు. “తిరుపతి 2019” అనే ఫోల్డర్‌ని ఇంట్లో ఎవరైనా పొరపాటున డిలీట్ కొడితే రెండింట్లోనూ పోతుంది. ఫైల్ పాడైతే రెండింట్లోనూ పాడవుతుంది.

మరి మిర్రర్ దేన్నుంచి కాపాడుతుంది? డిస్కు దానంతట అది చెడిపోవడం నుంచి. లక్షల డిస్కులు నడిపే బ్యాక్‌బ్లేజ్ కంపెనీ ఏటా ప్రకటించే గణాంకాల్లో ఈ చెడిపోయే రేటు కొన్నేళ్లుగా ఒకటి, ఒకటిన్నర శాతం దగ్గర తిరుగుతోంది. అంటే రెండు డిస్కులున్న ఇంట్లో ఏడాదిలో ఒకటి పోయే అవకాశం సుమారు రెండు మూడు శాతం. డేటా సెంటర్‌లో ఉండే ఏసీ చల్లదనం మన హాల్లో మే నెలలో ఉండదు కాబట్టి ఇంకాస్త కలుపుకోవచ్చు. ఏమైనా మిర్రర్‌తో కొనుక్కున్న భరోసా అంతవరకే. పొరపాటు డిలీట్, దొంగతనం, నిప్పు, నీళ్లు, కరెంటు షాక్, రాన్సమ్‌వేర్, పెట్టె బోర్డు కాలిపోవడం, వీటిలో దేనికీ మిర్రర్ దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆ రెండు డిస్కులూ ఒకే అడాప్టర్ మీద, ఒకే బోర్డు మీద, ఒకే అలమారలో ఉంటాయి. చాలాసార్లు ఒకే రోజు ఒకే దుకాణంలో కొన్నవి కూడా.

కరెంటు మాట వచ్చింది కాబట్టి చిన్న విషయం. మా ఇంట్లో ఇన్వర్టర్ ఉందిలే అన్నది మనవైపు బాగా వినిపించే సమాధానం. ఇన్వర్టర్ కరెంటు ఇస్తుంది, కాని బ్యాటరీ అయిపోవచ్చిందన్న సంగతి నాస్‌కి చెప్పదు. యూఎస్‌బీ తీగతో పెట్టెకి కలిసే చిన్న యూపీఎస్ ఆ పని చేస్తుంది. బ్యాటరీ తగ్గగానే పెట్టె తనంతట తాను పద్ధతిగా మూసుకుంటుంది. మామూలు ఇంటి ఇన్వర్టర్ మీద నడిచే పెట్టె మాత్రం ఈదురుగాలుల రాత్రి, రాస్తున్న ఫైల్ మధ్యలోనే ఠక్కున ఆగిపోతుంది.

నీళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు కింది అంతస్తులు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటి ఇంట్లో టీవీ బల్ల కింద ఉండే పెట్టెలో రెండు డిస్కులైనా ఒకటే, నాలుగైనా ఒకటే.

ఇంత వాదించే పని లేకుండా నాస్ తయారీదారులే తమ సహాయ పేజీల్లో రెయిడ్ బ్యాకప్ కాదని రాస్తారు. సలహా ఇచ్చేవాళ్లు డబ్బా మీది బొమ్మ చూపిస్తారు గాని ఆ పేజీ చూపించరు.

2. “మన ఇంట్లో ఉంటే మన చేతిలో ఉన్నట్టే”

ఇంట్లో ఉన్న పెట్టె ఇంటర్నెట్‌కి తగిలించి ఉన్నంతకాలం అది ఇంట్లో మాత్రమే లేదు. ఈ సంగతి పదేళ్లకి పైగా పదేపదే రుజువవుతూ వచ్చింది.

2014 ఆగస్టులో సైనోలాకర్ అనే రాన్సమ్‌వేర్ సైనాలజీ పెట్టెల్లో చొరబడి ఫైళ్లకి తాళం వేసింది. తాళం తీయడానికి 0.6 బిట్‌కాయిన్ అడిగింది. 2021 ఏప్రిల్‌లో క్యూలాకర్ వంతు వచ్చింది. క్యూనాప్ పెట్టెల్లోని ఫైళ్లని మామూలు 7-జిప్ ప్రోగ్రామ్‌తోనే పాస్‌వర్డ్ పెట్టి చుట్టేసింది. 2022 జనవరిలో అదే కంపెనీ పెట్టెల మీదికి డెడ్‌బోల్ట్ దిగింది. పెట్టె లాగిన్ పేజీ తెరిస్తే కంపెనీ పేరుండాల్సిన చోట 0.03 బిట్‌కాయిన్ కట్టమనే నోటీసు కనిపించింది. బాధితుల్లో చాలామంది ఊళ్లోంచి వెళ్లినప్పుడు కూడా ఫొటోలు చూసుకోవాలని పెట్టెని బయటి ప్రపంచానికి తెరిచి పెట్టినవాళ్లే. అంటే ఏ సౌకర్యాన్ని చూపించి పెట్టె అమ్ముతారో, దొంగ వచ్చింది ఆ దారినే.

అన్నిటికన్నా చేదుది 2021 జూన్ నాటి మై బుక్ లైవ్ ఉదంతం. వెస్టర్న్ డిజిటల్ అమ్మిన ఈ పెట్టెలకి చివరి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ 2015లో వచ్చింది. ఆరేళ్ల తర్వాత ఒక వారంలో, ఎవరో దూరం నుంచే వాటికి ఫ్యాక్టరీ రీసెట్ ఆదేశం పంపారు. యజమానులు పొద్దున లేచి చూసేసరికి పెట్టె కొత్తదానిలా పలకరించింది, లోపల ఏమీ లేదు. ఇంటర్నెట్ తీగ పీకేయమని చెప్పడం తప్ప కంపెనీ ఆ పూట చేయగలిగింది లేదు. డిస్కులు చెడలేదు, ఇంట్లోంచి ఎవరూ ఎత్తుకెళ్లలేదు. పెట్టె ఉన్నచోటే ఉంది.

దీనికి తిరగబడ్డ రూపం 2023లో కనిపించింది. మార్చి నెలాఖరులో అదే కంపెనీ నెట్‌వర్క్‌లోకి చొరబాటుదారులు ప్రవేశించారు, కంపెనీ తన మై క్లౌడ్ సేవల్ని ఆపేసింది. దాంతో ఆ పెట్టెలున్న ఎందరో తమ గదిలో, తమ చేతికందే దూరంలో ఉన్న ఫైళ్లని రోజుల తరబడి తెరవలేకపోయారు. లాగిన్ కంపెనీ సర్వర్ ద్వారా జరగడమే కారణం. పెట్టె ఎవరింట్లో ఉందన్నది కాదు, తాళంచెవి ఎవరి దగ్గర ఉందన్నదే అడగాల్సిన ప్రశ్న.

ఇలాంటివి ఒక కంపెనీకే పరిమితం కాదు. ఇంటి నాస్‌లలో పెద్ద పేరున్న సైనాలజీ 2024 ఆగస్టులో విడుదల చేసిన అప్‌డేట్‌తో వీడియో స్టేషన్ అనే తన సినిమాల యాప్‌నే ఎత్తేసింది. హెచ్.265 వీడియోని పెట్టెలోనే మార్చి పంపే సదుపాయాన్నీ తీసేసింది. ఆ సదుపాయం చూసి కొన్నవాళ్ల గతేమిటి? 2025లో తన కొత్త ప్లస్ శ్రేణి పెట్టెల్లో తాను ధ్రువీకరించిన డిస్కులు, అంటే చాలావరకు తన ముద్ర ఉన్నవే, వాడాలని షరతు పెట్టింది. గోల పెరిగాక అదే ఏడాది అక్టోబర్‌లో వెనక్కి తగ్గింది. వెనక్కి తగ్గడం మంచిదే. కాని డబ్బిచ్చి కొన్న పెట్టెలో ఏ డిస్కు పెట్టుకోవాలో ఆరు నెలల పాటు ఇంకొకరు నిర్ణయించారంటే, క్లౌడ్ వద్దని పారిపోయి వచ్చినవాళ్లకి దక్కిన స్వాతంత్ర్యం ఏపాటిదో లెక్క వేసుకోవచ్చు.

3. “పెద్దది కొంటే మళ్లీ కొనక్కర్లేదు”

రెండు బేలు కొందామని వెళ్లినవాడిని నాలుగు బేలకి, 4 టీబీ అనుకున్నవాడిని 12 టీబీకి ఎక్కించే వాదం ఇది. ఎలాగూ కొంటున్నారు కదా, ఇంకో పదివేలు వేస్తే అంటూ దుకాణంలో మొదలవుతుంది.

దక్షిణ కొరియా ప్రభుత్వం ఇదే దారిలో ఎక్కడ తేలిందో చూడాలి. 2025 సెప్టెంబర్ 26న డేజాన్ నగరంలోని జాతీయ సమాచార వనరుల కేంద్రంలో బ్యాటరీలు అంటుకున్నాయి. కాలిపోయినవాటిలో జి-డ్రైవ్ ఒకటి. ప్రభుత్వోద్యోగులు తమ పని ఫైళ్లు దాచుకునే ఉమ్మడి నిల్వ అది, తలా 30 జీబీ. పోయింది 858 టీబీ. దానికి బయట బ్యాకప్ లేదు. ఎందుకు లేదంటే, అంత పెద్దదానికి బ్యాకప్ తీయడం కుదరదనేదే అధికారుల జవాబు. అదే కేంద్రంలోని ఇతర వ్యవస్థల్లో చాలావాటికి వేరేచోట కాపీలున్నాయి. ఇది మాత్రం మరీ పెద్దది కాబట్టి ఏ కాపీ లేకుండా మిగిలింది.

ప్రపంచంలో సాంకేతికంగా ముందున్న ప్రభుత్వాల్లో ఒకటి చేసిన ఈ తప్పే మన హాళ్లలో చిన్న సైజులో రోజూ జరుగుతోంది. 24 టీబీ పెట్టె కొన్నవాడు దానికి బ్యాకప్ తీయాలంటే ఇంకో 24 టీబీ కావాలి. క్లౌడ్‌లో పెట్టాలంటే తలకు మించిన ఖర్చు. అందుకని అసలు తీయడు. పైగా ఆ పెట్టెలో మూడొంతులు ఎప్పుడంటే అప్పుడు మళ్లీ దొరికే సినిమాలు. తిరిగి దొరకనివి, అంటే నాన్నగారి గొంతున్న వీడియో, పాత వీహెచ్ఎస్ క్యాసెట్ నుంచి ఎక్కించిన పెళ్లి, ఇంటి దస్తావేజుల స్కాన్లు, అన్నీ కలిపినా మామూలు కుటుంబానికి ఒకటి రెండు టీబీల్లో ఇమిడిపోతాయి. ‘మాయాబజార్’ పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు. ఈ రెండింటినీ ఒకే కొలతతో చూసి, రెండింటికీ కలిపి పెద్ద పెట్టె కొనడం వల్లే అసలైనదానికి కాపీ లేకుండా పోతోంది.

డిస్కుల మాటలోనూ పెద్దది అన్న లెక్క ఒక్కటే చాలదు. 2020 ఏప్రిల్‌లో బయటపడ్డ సంగతి గుర్తుంచుకోవాలి. నాస్ కోసమేనంటూ వెస్టర్న్ డిజిటల్ అమ్ముతున్న రెడ్ డిస్కుల్లో 2 నుంచి 6 టీబీ వరకు ఉన్న కొన్నింట్లో ఎస్ఎంఆర్ పద్ధతి వాడుతున్నారని, ఆ మాట కొనేవాళ్లకి చెప్పలేదని తేలింది. ఆ పద్ధతిలో ఒక ట్రాకు అంచు మీద ఇంకో ట్రాకు పడుతుంది. ఒకచోట మార్చాలంటే పక్కవాటినీ తిరగరాయాలి. పాడైన డిస్కు తీసి కొత్తది పెట్టినప్పుడు రెయిడ్ మొత్తాన్ని మళ్లీ నింపుకునే సమయంలో, అంటే పెట్టె అతి బలహీనంగా ఉన్న గంటల్లో, ఇలాంటి డిస్కు పాకుతూ నడుస్తుంది. విమర్శలు పెరిగాక కంపెనీ మామూలు సీఎంఆర్ రకాన్ని రెడ్ ప్లస్ పేరుతో విడదీసింది. కాబట్టి డిస్కు కొనేటప్పుడు టీబీల అంకె కన్నా ముందు చదవాల్సింది సీఎంఆర్ అన్న మూడక్షరాలు.

4. “సినిమాలకి గట్టి ప్రాసెసర్ కావాలి”

దీనికి ఎక్కువ చోటు అక్కర్లేదు. 4కె బ్లూరే డిస్కు అత్యధిక వేగమైనా సెకనుకి 150 మెగాబిట్లు దాటదు. ఇంట్లో మామూలు గిగాబిట్ తీగ 1,000 మోస్తుంది. అలాంటి సినిమాలు ఒకేసారి ఐదారు గదుల్లో నడిచినా తీగ నిండదు. ఇవాళ్టి స్మార్ట్ టీవీలు హెచ్.265ని సొంతంగానే చదువుతాయి. నాస్ చేయాల్సిందల్లా ఫైల్‌ని అందించడమే, దానికి చౌక ప్రాసెసరే చాలు. వీడియోని అప్పటికప్పుడు చిన్నది చేసి ఊరికి దూరంగా ఉన్న ఫోన్‌కి పంపాలన్నా, టీవీకి నచ్చని సబ్‌టైటిళ్లని బొమ్మలోకి ఎక్కించాలన్నా మాత్రమే బలం కావాలి. ఆ అవసరం నిజంగా ఉన్నవాళ్లకి ఇంటెల్ ఎన్100 లాంటి చిప్ ఉన్న మినీ పీసీ మీద జెల్లీఫిన్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఎక్కించుకుంటే పని జరుగుతుంది, అద్దె లేదు. అదే పని చేసే ప్లెక్స్ 2025 ఏప్రిల్ 29 నుంచి ఇంటి బయట చూసుకోవడానికి డబ్బు అడగడం మొదలుపెట్టింది మరి.

గట్టి ప్రాసెసర్, 10 గిగాబిట్ పోర్టు కోసం అదనంగా పెట్టే ఆ పదిహేను ఇరవై వేలే చాలా ఇళ్లలో రెండో కాపీకి లేకుండా పోయే డబ్బు.

5. “క్లౌడ్ అద్దె కన్నా చౌక”

లెక్క వేద్దాం. ఓ మోస్తరు రెండు బేల పెట్టెకి, రెండు 4 టీబీ నాస్ డిస్కులకి కలిపి 50,000 రూపాయలు అనుకుందాం. కొన్నేళ్లుగా గూగుల్ వన్ 2 టీబీ ప్లాన్ మన దేశంలో ఏడాదికి 6,500. అసలు రాబట్టుకోవడానికే ఏడున్నరేళ్లు పైన పడుతుంది. ఐరన్‌వుల్ఫ్, రెడ్ ప్లస్ లాంటి మామూలు నాస్ డిస్కుల వారంటీ మూడేళ్లు. అంటే లెక్క సరిపడేలోపు వారంటీ గడువు రెండుసార్లు దాటిపోతుంది. పెట్టె రోజంతా సుమారు 20 వాట్లు తాగితే నెలకి 14 యూనిట్లు పైచిలుకు, యూనిట్ 7 రూపాయల చొప్పున ఏడాదికి 1,200 దాటుతుంది. చిన్నదే, కాని లెక్కలో ఎవరూ రాయరు.

నిజమే, పెట్టెలో దక్కేది 2 టీబీ కాదు, 4 టీబీ. నిల్వ పెరిగేకొద్దీ క్లౌడ్ భారమవుతుందన్నది కాదనలేని మాట. ఈ పోలికలో అసలు దొంగలెక్క ఇంకోటి ఉంది. అద్దెలో ఆ కంపెనీ వేరే ఊళ్లలో ఉంచే కాపీల ఖర్చు కూడా కలిసి ఉంది. పెట్టె ధరలో అది లేదు. వేరే ఊళ్లో పెట్టే కాపీ ఖర్చు కలపకుండా నాస్ చౌక అనడం, రెండు వేర్వేరు సరుకుల ధరల్ని పక్కపక్కన పెట్టడమే.

అలాగని క్లౌడ్ ఒక్కటే చాలుననడమూ ఇదే తప్పు. గూగుల్ ఫొటోస్‌లో డిలీట్ చేసిన ఫొటో 60 రోజులు చెత్తబుట్టలో ఉండి పోతుంది. ఖాతా ఏ కారణానో మూతపడితే మొత్తం పోతుంది. అదీ ఒక్క కాపీయే.

6. “ఏదైనా అయితే డిస్క్ తీసి చూసుకోవచ్చు”

పెట్టె చచ్చిపోయింది, డిస్కులు బాగానే ఉన్నాయి. వాటిలో ఒకటి తీసి యూఎస్‌బీ అడాప్టర్‌తో ఇంట్లో ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌కి తగిలిస్తారు. తెర మీద ఒక కిటికీ తెరుచుకుంటుంది. ఈ డిస్కుని వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని అడుగుతుంది. కంగారులో ఉన్న చేయి ఎటు పోతుంది?

నాస్‌లు వాడే ఈఎక్స్‌టీ4, బీటీఆర్ఎఫ్ఎస్ లాంటి ఫైల్ పద్ధతులు విండోస్‌కి అర్థం కావు. లైనక్స్ తెలిసినవాడు వస్తే, తగిన ఆదేశాలిస్తే, చాలావరకు తెరుచుకుంటాయి. ఇంట్లో ఆ తెలిసినవాడు ఒక్కడే. పెట్టె కొన్నవాడూ, సెట్ చేసినవాడూ, అడ్మిన్ పాస్‌వర్డ్ గుర్తున్నవాడూ అతనే. అతనికే ఏమన్నా అయితే? భార్య చేతిలో ఒక నల్లపెట్టె, దాని మీద మెరిసే దీపాలు మిగులుతాయి. ఇంటి ఫొటోల భద్రత గురించి మాట్లాడేవాళ్లు ఈ మాట ఎత్తరు. అశుభమనో, ఆ అవసరం రాదనో.

ఇంకో సంగతి, బ్యాకప్ జరుగుతోందనే అనుకోవడం. ఐఫోన్‌లో యాప్ వెనక నడవడానికి పరిమితులుంటాయి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ ఆదా పేరుతో అలాంటి యాప్‌లని నిద్రపుచ్చుతాయి. అమ్మ ఫోన్లో ఫొటోలు పంపే యాప్ ఉంటుంది, అది ఆఖరిసారి పంపింది నాలుగు నెలల కిందట. ఎవరూ చూడరు. ఇంటివాళ్లే కాదు, ఆరితేరినవాళ్లకీ ఇది తప్పలేదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీర్ పొరపాటున అసలు డేటాబేస్ ఫైళ్లు తుడిచేశాడు. కంపెనీ దగ్గర కాగితం మీద ఐదు రకాల బ్యాకప్ పద్ధతులున్నాయి. అవసరం పడ్డప్పుడు చూస్తే ఒక్కటీ నమ్మదగినట్టు పనిచేయడం లేదని కంపెనీయే బహిరంగంగా ఒప్పుకుంది. అదృష్టవశాత్తూ ఆరు గంటల కిందట మరో పనికోసం తీసిన కాపీ ఉండబట్టి ఆ ఆరు గంటల పనితో నష్టం ఆగింది. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల కోసం సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీ అది. ఒక్కసారి కూడా వెనక్కి తీసి చూడని బ్యాకప్‌ని నమ్ముకుని ఫోన్లోంచి ఫొటోలు తుడిచేసే ఇంటికి అలాంటి అదృష్టం కలిసొస్తుందని ఏ హామీ లేదు.

మరి ఏం కొనాలి?

సలహా వరస మొత్తం తిరగేయాలి. పెట్టె ఆఖరున రావాలి.

ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ తన వృత్తివాళ్ల కోసం ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 లెక్క ఇంటికీ సరిపోతుంది. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. దీనికి మొదట కావాల్సింది నాస్ కాదు, రెండు మామూలు యూఎస్‌బీ హార్డ్ డిస్కులు. తిరిగి దొరకనివన్నీ రెండింట్లోనూ పాస్‌వర్డ్‌తో తాళం వేసి ఎక్కించాలి. ఒకటి ఇంట్లో బీరువాలో, కంప్యూటర్‌కి తగిలించకుండా ఉండాలి. తీగ లేని డిస్కుని ఏ రాన్సమ్‌వేరూ ముట్టుకోలేదు. రెండోది ఊళ్లో అమ్మానాన్నల ఇంట్లో. సంక్రాంతికి వెళ్లేటప్పుడు కొత్తగా నింపిన డిస్కు పట్టుకెళ్లి అక్కడి పాతది తెచ్చుకోవాలి, దసరాకి మళ్లీ మార్చుకోవాలి. పండగ ప్రయాణాలు ఎలాగూ తప్పవు. మధ్య నెలల కోసం, కొత్త ఫొటోల మట్టుకు చిన్న క్లౌడ్ ప్లాన్ ఒకటి ఉంచుకుంటే చాలు.

ఇంటర్నెట్ ద్వారానే పంపాలనుకునేవాళ్లకీ ఇప్పుడు అడ్డు లేదు. సెకనుకి 100 మెగాబిట్ల అప్‌లోడ్ ఉన్న ఫైబర్ కనెక్షన్ మీద 2 టీబీ వెళ్లడానికి లెక్క ప్రకారం 45 గంటల లోపే పడుతుంది. నెలకి 3,300 జీబీ పరిమితి ఉన్న ప్లాన్‌లోనూ ఇమిడిపోతుంది. హైదరాబాద్‌లో అన్న ఇంట్లో ఒకటి, న్యూజెర్సీలో చెల్లెలి ఇంట్లో ఒకటి చిన్న పెట్టెలు పెట్టుకుని, ఎవరి ఫైళ్లు వాళ్లు తాళం వేసి రెండోవాళ్ల పెట్టెకి పంపుకోవడం కుదిరే పనే. మనవైపు చాలా కనెక్షన్లలో ఇంటికి సొంత పబ్లిక్ చిరునామా ఉండదు, సీజీనాట్ వెనక ఉంటాయి. టెయిల్‌స్కేల్ లాంటి ప్రోగ్రాములు ఆ చిక్కు దాటిస్తాయి. రౌటర్‌లో పోర్టు తెరవాల్సిన అవసరమూ ఉండదు. డెడ్‌బోల్ట్ లాంటివి వచ్చిన తలుపు అదే కాబట్టి, తెరవకపోవడమే మేలు కూడా.

ఇదంతా అమిరాక ఇంకా నాస్ కావాలనిపిస్తే కొనుక్కోవచ్చు. ఫోన్లు నలుగురివి ఉంటే, టీవీలో పాత వీడియోలు చూసే అలవాటుంటే అది నిజంగా సుఖం. అప్పుడు కూడా దుకాణంలో అడగాల్సినవి బేలు, ప్రాసెసర్ కాదు. ముందువైపు యూఎస్‌బీ పోర్టుకి డిస్కు పెడితే దాని మీదికి బ్యాకప్ తీస్తుందా? తీసిన బ్యాకప్‌ని ఆ కంపెనీ పెట్టె లేకుండా మామూలు కంప్యూటర్‌లో తెరవగలమా? స్నాప్‌షాట్‌లు ఉన్నాయా, అంటే ఇవాళ డిలీట్ అయినదాన్ని నిన్నటి స్థితి నుంచి వెనక్కి తెచ్చుకోగలమా? కంపెనీ సర్వర్ మూతపడినా ఇంట్లో లాగిన్ అవుతుందా? ఈ మోడల్‌కి ఏ సంవత్సరం దాకా అప్‌డేట్లు ఇస్తామని రాసిచ్చారు? చివరి ప్రశ్నకి సమాధానం దొరకని పెట్టె మై బుక్ లైవ్ దారిలో ఉందనే అనుకోవాలి. కొన్నాక నెలలోపు, ఒక ఫోల్డర్‌ని కావాలని తీసేసి, వెనక్కి తెచ్చి చూడాలి. ఆ పని సెట్ చేసినవాడు కాకుండా ఇంట్లో ఇంకొకరు చేయాలి. కాగితం మీద అంచెలంచెలుగా రాసి పెట్టిన సూచనలు చదువుకుని, పాస్‌వర్డ్ ఉన్న కవరు తెరిచి. వాళ్ల వల్ల కాకపోతే లోపం వాళ్లలో లేదు, ఏర్పాటులో ఉంది.

పెట్టెకి డబ్బుండి, రెండో ఊళ్లో ఒక డిస్కు ఉంచే ఏర్పాటు లేని ఇల్లు ఇంకా నాస్ కొనే దశకి రాలేదు. ఆ 50,000లో ముందు పది పన్నెండు వేలు రెండు యూఎస్‌బీ డిస్కులకి పోవాలి, తర్వాత కొంత యూపీఎస్‌కి. పెట్టె సంగతి మిగిలినదాన్ని బట్టి చూసుకోవచ్చు, మిగలకపోతే వచ్చే ఏడాది చూసుకోవచ్చు.